ఒంటిచేయి స్వెట్టర్

ఉన్ని సంత జరిగే వారంలో ఆర్థర్ హాల్క్రో ఆఫీసు మెట్లు ఎవరూ ఎక్కరు. లెర్విక్ అనే ఆ రేవు ఊరంతా సంతలోనే ఉంటుంది. తప్పిపోయిన గొర్రెలూ, మునిగిన పడవల బీమా తగాదాలూ వారం పాటు ఆగుతాయి. అందుకే అతని సహాయకురాలు విల్మా ఆ మధ్యాహ్నం కోటు తొడుక్కుని బయల్దేరబోతోంది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఎవరో రెండు మెట్లెక్కి ఆగుతున్నారు. మళ్ళీ ఎక్కుతున్నారు.

తలుపు తోసుకుని వచ్చిన ముసలావిడ వర్షంలో తడిసి ముద్దయి ఉంది. ఖాళీ గుడ్డసంచీ ఒకటి గుండెలకు అదుముకుని ఉంది.

"పోగొట్టుకున్నవి వెతికిపెట్టేది మీరేనా బాబూ? సాయంత్రం పడవ వెళ్ళేలోగా వెతకాలి. తర్వాత దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే."

హాల్క్రో ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ పేరు సిన్నీ లీస్క్. ఉత్తరపు దీవి నుంచి పొద్దున్నే సంతకు వచ్చింది. వసంతంలో ఆవిడ ఒక్కగానొక్క కూతురు ఎలెన్ పోయింది. మూడేళ్ళ తన కూతురు రోనా కోసం ఎలెన్ ఒక స్వెట్టర్ అల్లుతూ పోయింది. గోధుమరంగు గొర్రె ఉన్ని, రంగు వెయ్యనిది. ఒళ్ళంతా అయింది, ఒక చెయ్యీ అయింది. రెండో చెయ్యి మొదలుపెట్టగానే ఉన్ని అయిపోయింది.

"అల్లుడు డేవీ ఈ సాయంత్రం పడవలో పిల్లని తీసుకుని సముద్రం అవతలి పెద్దదీవికి వెళ్ళిపోతున్నాడు. అక్కడ పని దొరికిందట. మేమిద్దరం చావు రోజు నుంచీ మాట్లాడుకోవడం లేదు. కనీసం వాళ్ళమ్మ అల్లింది ఆ పిల్ల ఒంటి మీద ఉండాలని... పసిదాని చెయ్యి బాబూ, ఎంతసేపు? ఉన్ని దొరికితే సాయంత్రానికి అయిపోయేది."

"దొరికిందా?"

"లేదు. ఆ గొర్రెల మంద ఉన్ని అమ్మే లోరీ యూన్సన్ చివరి చిలపలు, మిగిలిన చుట్టలన్నీ, పొద్దున్నే ఎవరికో ఇచ్చేశాడట. సరే, టీ గదిలో కూర్చుని బేబీతో అన్నాను. బేబీ గౌడీ, మా ఊరిదే, నాతో వచ్చింది. 'ఉన్ని లేకపోతే మొత్తం విప్పేసి, ఆ ఉన్నితోనే పిల్లకి టోపీ, చేతితొడుగులూ అల్లేస్తా' అన్నాను. సంచీ దాని దగ్గర పెట్టి ఇంకో కొట్టు చూడ్డానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి స్వెట్టర్ లేదు."

"ఎలా ఉంటుందో కాస్త చెప్పండి."

సిన్నీ గొంతు తగ్గింది. "కింద అల్లిక సమంగా ఉంటుంది. మా ఎలెన్ చెయ్యి అంత సాఫు. ఛాతీ దగ్గర్నుంచి పైకి బిగుసుకుపోయింది. నొప్పి పడుతూ అల్లింది తల్లి. చివర్లో చెంచా కూడా పట్టుకోలేకపోయిందట. రోజూ ఆ బిగుసుకున్న చోటే తడుముతుంటాను."

హాల్క్రో సంచీ అడిగి తీసుకున్నాడు. అడుగున నాలుగు ఉక్కు సూదులు, మొనలకు బిరడాలు గుచ్చి, పక్కపక్కనే సర్ది ఉన్నాయి.

"ఇవి ఎవరివి?"

"మా అమ్మవి. ఎలెన్ సూదులు దాని శవపెట్టెలోనే పెట్టి పంపాం. స్వెట్టర్ నేను వీటి మీదకి ఎక్కించుకున్నాను."

హాల్క్రో ఆ సూదుల బిరడాలను ఒక్కొక్కటిగా వేలితో తాకి చూశాడు. తర్వాత టోపీ పెట్టుకుని లేచాడు.

సంత హాల్లో గొర్రె ఉన్ని వాసన, తడికోట్ల వాసన కలిసిపోయి ఉన్నాయి. టీ గదిలో బేబీ గౌడీ అప్పటికే ఏడ్చి ఏడ్చి, ఇప్పుడు కోపంలోకి దిగింది.

"నేను దొంగనా? అరవై ఏళ్ళ స్నేహం! కదలొద్దంది, కదల్లేదు. పక్క గదిలో గొర్రె ఉన్ని కత్తెర లేకుండా చేత్తో పీకి చూపిస్తున్నారంటే తలుపు దాకా వెళ్ళి కాసేపు నిలబడి చూశాను. అయినా చిన్నప్పట్నుంచీ పీకుతున్నదాన్ని, నాకెందుకా చోద్యం! నా బుద్ధి గడ్డి తింది."

"సిన్నీ గారు విప్పేస్తానన్నప్పుడు మీరేమన్నారు?"

"మతి పోయిందా అన్నాను. చచ్చిపోయిన పిల్ల చేతిపనిని ఎవరైనా విప్పుతారా? కాస్త గట్టిగానే అన్నాను. గదిలో అందరూ తిరిగి చూశారు."

విల్మా హాల్క్రో చెవిలో అంది. "ఈవిడేనండీ. విప్పడం ఇష్టం లేక దాచేసింది."

"కావచ్చు," అన్నాడు హాల్క్రో. "ఆ సూదులు చూశావు కదా, ఏమనిపించింది?"

"దొంగ స్వెట్టర్ లాక్కుని సూదులు వదిలేశాడు."

"లాగితే కుట్లు జారతాయి, సూదులు చెల్లాచెదురవుతాయి. ఇక్కడ బిరడాలు కూడా తిరిగి గుచ్చారు. అంటే కుట్లన్నీ ఒక్కొక్కటిగా దారం మీదకి ఎక్కించి, జాగ్రత్తగా తీశారు. అల్లిక తెలిసిన చెయ్యి. పైగా సూదులు సిన్నీ గారివని తెలిసిన మనిషి. ఆవిడ వస్తువు ఆవిడకి వదిలి, ఎలెన్ చేతిపని మాత్రం తీసుకున్నారు."

"బేబీ గారికి ఆ రెండూ తెలుసు కదండీ."

"తెలుసు. అందుకే కావచ్చన్నాను."

ఇంగ్లండు నుంచి వచ్చిన యాపిల్‌గార్త్ దొరసాని కిటికీ పక్క బల్ల దగ్గర ఉంది. ఒళ్ళో పెద్ద ఉన్ని మూట, మెళ్ళో కెమెరా. ఆ స్వెట్టర్ నమూనా కావాలని ఆవిడ పొద్దున సిన్నీని మూడుసార్లు బతిమాలిందని బేబీ చెప్పింది.

"నేను తియ్యలేదండీ. సంచీ సోదా చేసుకోండి కావాలంటే," అందావిడ ఎర్రబడి. "ఫొటో మాత్రం తీశాను. అడిగే తీశాను."

కెమెరా వెనకున్న చిన్న తెర మీద స్వెట్టర్ కనిపించింది. హాల్క్రో ఛాతీ భాగాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశాడు. విల్మాకీ చూపించాడు. కింద కుట్లు నీటి మీద అలల్లా సాఫీగా ఉన్నాయి. పైన ఒక్కసారిగా చిన్నవై, గట్టిగా ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మధ్యలో ఒకచోట కుట్టు జారిపోతే మళ్ళీ ఎత్తుకున్న గుర్తు కూడా ఉంది.

"పాపం," అంది విల్మా.

"ఊఁ," అన్నాడు హాల్క్రో.

లోరీ యూన్సన్ దక్షిణపు దీవివాడు. మనిషి పొడుగు, మాట పొట్టి.

"స్వెట్టర్ అడిగిన మాట నిజమే. నా కొట్టు ముందు తగిలించుకోవాలని. ఆ రంగు ఇచ్చిన గొర్రె చచ్చిపోయింది, ఇంక రాదు. ఇవ్వనంది, ఊరుకున్నాను."

"చివరి చిలపలు ఎవరు కొన్నారు?"

"ఎవరో మొగుడు. పెళ్ళాలు పంపుతారు చూడండి, చేతిలో దారప్పోగు పెట్టి 'ఇదే రంగు తే, మారితే గుమ్మం తొక్కకు' అని. అలాంటివాడు. వాడి దగ్గరా పోగు ఉంది. పట్టిపట్టి సరిచూసుకున్నాడు. 'మీ ఆవిడ సంతోషిస్తుందిలే' అన్నాను. ఏమీ అనలేదు. మొహం గుర్తులేదు, సంతలో మొహాలు ఎవరు చూస్తారు?"

"కొనేముందు ఇంకేమైనా చేశాడా?"

లోరీ గడ్డం గోక్కున్నాడు. "ఒక పోగు లాగి, వేళ్ళ మధ్య మెలితిప్పి, తెంచి చూశాడు. మెడకి రాసుకున్నాడు గుచ్చుకుంటుందేమోనని."

హాల్క్రో బయటికొచ్చి, వాన వంక చూస్తూ అన్నాడు. "విల్మా, రేవుకి వెళ్ళు. డేవీ వ్యాను అక్కడే ఉంటుంది. స్వెట్టర్ పోయిందనీ, అత్తగారు కూలబడిపోయిందనీ చెప్పి, పిల్లతో సహా తీసుకురా."

రేవులో వ్యాను అద్దాలు ఆవిరి పట్టి ఉన్నాయి. విల్మా తట్టింది. లోపల ఏదో సర్దుతున్న చప్పుడైంది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. డేవీ చెంపలు లోపలికి పోయిన మనిషి. కొన్నాళ్ళుగా నిద్రలేదని కళ్ళే చెబుతున్నాయి. విషయం విని అతను ఏమీ అడగలేదు. పిల్లని ఎత్తుకుని దించాడు. విల్మాతో కరచాలనం చేసినప్పుడు అతని చూపుడువేలి పక్కన ఎర్రటి గీత ఒకటి ఆమె కంటపడింది. చేపల పడవల్లో తాళ్ళు లాగే మనిషి కదా అనుకుంది.

దారిలో రోనా విల్మా వేలు పట్టుకుని రహస్యంగా చెప్పింది. "నాన్న లెక్కపెడుతుంటే మాట్లాడకూడదు. మాట్లాడితే మళ్ళీ మొదట్నుంచీ."

వాళ్ళు వచ్చేసరికి టీ గదిలో సిన్నీ, బేబీ, దొరసాని, లోరీ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. సిన్నీ అల్లుడి వంక చూడలేదు. మనవరాలిని మాత్రం ఒళ్ళోకి లాక్కుంది. రోనా అమ్మమ్మ తడిజుట్టు తాకి నవ్వింది. విల్మా హాల్క్రో దగ్గరికి వెళ్ళి వేలి మీది గీత సంగతీ, పిల్ల మాటా చెప్పింది. అతను తలూపి, బల్లకు ఎదురుగా నిలబడ్డాడు.

"సమయం లేదు, కాబట్టి సూటిగా చెబుతాను. స్వెట్టర్ తీసిన మనిషికి అల్లిక తెలుసు. సూదులు ఎవరివో తెలుసు. దొరసాని గారికి సూదుల సంగతి తెలియదు, లోరీకీ తెలియదు. బేబీ గారికి తెలుసు."

"అదిగో, మళ్ళీ నా మీదకే!" అంది బేబీ.

"కానీ పొద్దున్నే ఒక మనిషి అదే ఉన్ని కొన్నాడు. సరిచూడ్డానికి అతని దగ్గర పోగు ఉంది. ఆ స్వెట్టర్ ఎక్కడ అల్లారో ఆ ఇంట్లో తప్ప ఆ పోగు ఇంకెక్కడా ఉండదు. లోరీ అతన్ని పెళ్ళాం పంపిన మొగుడనుకున్నాడు. ఈ దీవుల్లో ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ పెళ్ళాం పంపిన మొగుడు రంగు చూసుకుని వెళ్ళిపోతాడు. పోగు తెంచి చూడడు. మెడకి రాసుకోడు. అలా చేసేది అల్లేవాళ్ళే."

సిన్నీ తలెత్తింది.

"ఇక ఫొటో. సిన్నీ గారూ, ఛాతీ పైన కుట్లు నొప్పి వల్ల బిగుసుకున్నాయన్నారు. చెంచా పట్టుకోలేని చెయ్యి దారం బిగించలేదమ్మా. ఆ చెయ్యి వదులవుతుంది, కుట్లు సాగుతాయి. బిగుసుకునేది కొత్తగా నేర్చుకుంటున్న చెయ్యి. దారం జారిపోతుందని భయపడి వేలికి కోసుకునేంత గట్టిగా పట్టుకుంటుంది. తాడు అరచేతిని కోస్తుంది, చూపుడువేలి పక్కని కాదు."

అందరి కళ్ళూ డేవీ చేతి మీదకి వెళ్ళాయి. అతను దాచుకోలేదు. కోటు లోపల్నుంచి తువ్వాలులో చుట్టిన స్వెట్టర్ తీసి బల్ల మీద పెట్టాడు. రెండో చెయ్యి మోచేతి దాకా వచ్చింది.

బేబీ కుర్చీ దగ్గరికి జరుపుకుని వంగి చూసింది.

"ఉన్ని మీకే ఇద్దామని వచ్చాను అత్తయ్యా," అన్నాడు డేవీ. "మీ వెనకే నిలబడ్డాను. పిలవడానికి నోరు రాలేదు. అప్పుడే మీరు విప్పేస్తానన్నారు. బయటికి వెళ్ళిపోయాను. వెళ్ళలేక మళ్ళీ వచ్చాను."

"నన్ను అడగొచ్చు కదా."

"అడిగితే ఇచ్చేవారా?"

సిన్నీ ముందుకు వంగింది. స్వెట్టర్ ఛాతీ మీద వేళ్ళు పెట్టింది, బిగుసుకున్న చోట. "అయితే ఇది... వేసవంతా నేను తడిమింది నీ కుట్లా?"

"ఆసుపత్రిలో తన చేతులు పనిచెయ్యకపోతే నన్ను పట్టుకోమంది. నేను చేపల వలలు కుట్టేవాణ్ణి, ఇది చేతకాదన్నాను. నా చేతుల మీద తన చేతులు వేసింది. లెక్క తను పెట్టేది, కుట్టు నేను వేసేవాణ్ణి. కొన్నాళ్ళకి చేతులు ఎత్తలేకపోయింది. లెక్క మాత్రం పెట్టేది. తర్వాత..." అతను ఆగాడు. "విప్పితే అదంతా పోతుంది అత్తయ్యా. నాకు ఇంకేం లేదు."

సిన్నీ వేళ్ళు కుట్టు కుట్టూ ముందుకెళ్ళాయి, జారి ఎత్తుకున్న చోట నిలిచాయి.

"ఇక్కడేమైంది?"

"నవ్వింది. నేనేదో అన్నాను, నవ్వింది. కుట్టు జారిపోయింది."

ఆవిడ కళ్ళు మూసుకుంది.

హాల్క్రో మెల్లగా అడిగాడు. "సిన్నీ గారూ, దీన్ని దొంగతనం అనమంటారా?"

"ఎవరి వస్తువు ఎవరు దొంగిలించారు బాబూ? చావు రోజున ఆ అల్లిక సంచీ నేనే వాళ్ళింట్లోంచి అడక్కుండా తెచ్చుకున్నాను." ఆవిడ స్వెట్టర్‌ని బల్ల మీదుగా అల్లుడి వైపు జరిపింది. "కూర్చో. చీకటి పడకముందే ఎంతవుతుందో చూద్దాం."

"మీరు అల్లండి. త్వరగా అవుతుంది."

"నేను అల్లను. నువ్వే అల్లు."

సంత ముగుస్తుండగా చుట్టూ బల్లలు మడుస్తూనే ఉన్నారు. డేవీ అల్లాడు. సిన్నీ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసింది. రెండుసార్లు మాత్రం "వదులు, వదులు, అది పారిపోదు" అంది. బేబీ పిల్లకి బిస్కెట్లు తినిపించింది. అయినా పూర్తి కాలేదు. ముంజేతి దగ్గర బెత్తెడు మిగిలిపోయింది. పడవ కూత వేసింది.

రేవులో వాన తగ్గి గాలి మొదలైంది. హాల్క్రో, విల్మా కొంచెం ఎడంగా నిలబడ్డారు. డేవీ పిల్లనెత్తుకుని పడవలోకి వేసిన పలకమెట్ల మీద సగం ఎక్కాడో లేదో, సిన్నీ రేవు అంచున్న కటకటాల దాకా పరుగెత్తింది.

"ముగించేటప్పుడు బిగించకు! అంచు బిగిస్తే పిల్ల చెయ్యి పట్టదు!"

అతను వెనక్కి తిరిగాడు. గాలికి అరవాల్సి వచ్చింది. "ముగించడం నాకు రాదు అత్తయ్యా! తను అక్కడిదాకా చెప్పలేదు!"

"చాలా తేలిక! చివరి కుట్టులోంచి..." ఆవిడ గాలిలో వేళ్ళు కదిపింది. అంత దూరానికి ఏం కనిపిస్తుంది?

"వచ్చి చూపించండి!"

పలక లాగేశారు. నీళ్ళు వెడల్పయ్యాయి. పడవ దీపాలు చిన్నవయ్యేదాకా సిన్నీ కటకటాలు పట్టుకునే ఉంది. తర్వాత పడవ టికెట్ల గది దగ్గరికి నడిచింది. మూసి ఉన్న కిటికీ ముందు నిలబడి, అద్దం మీద అంటించిన రేపటి పడవ వేళ చదివింది. పక్కనున్న బల్ల మీద వాన తడి తుడుచుకుని కూర్చుంది.

హాల్క్రో దగ్గరికెళ్ళాడు. "మీ దీవి పడవకి అందే ఆఖరి బస్సు వెళ్ళిపోతుందమ్మా. విల్మా మిమ్మల్ని ఎక్కిస్తుంది."

"వెళ్ళనీ," అంది సిన్నీ.