వడపోతకు చిక్కని సరుకు

ఆదిత్యపూర్‌లో ఆటో దిగుతున్న కెమిస్టు కిషోర్ ఛాతీలోకి తూటా దూసుకుపోయింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్. పక్కనే పకోడీలు కొంటున్నవాళ్ళకు కూడా చప్పుడు వినపడలేదు. రక్షణ ప్రయోగశాల నుంచి అతను దొంగిలించిన రాకెట్ ఇంధనపు పొడి అప్పటికే చేతులు మారింది.

"కోబాల్ట్ ముఠా పని. విదేశీ గ్యాంగ్," ఫోన్‌లో ఏజెంట్ ప్రభుకిరణ్‌తో అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ విల్సన్. "సాయంత్రంలోగా సరుకు ఊరు దాటిస్తారు. ఆపు."

"ముఠా లోపల మన మనిషెవరు?"

"తనుశ్రీ. కోడ్: 'ఖర్కాయి నదిలో నీళ్ళు తగ్గాయి.' జవాబు: 'వంతెన మాత్రం అక్కడే ఉంది.'"

ప్రభుకిరణ్ బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వేషం వేశాడు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తయారుచేసే యూనిట్‌లో తనుశ్రీ ఎక్స్‌పోర్ట్ మేనేజర్. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. వంతెన అక్కడే ఉందని నవ్వుతూ చెప్పి, జుగ్సలాయి గోదాములో ఉప్పు బస్తాలు వెతకమంది.

బస్తాలన్నీ కుమ్మరించాడు. ఉప్పే. తర్వాత పర్సుడీహ్‌లో రంగు డబ్బాలంది. మూతలు తీసి కలియబెట్టాడు. రంగే. చొక్కా పాడైంది, మతి పోయింది.

"ఉద్యోగం చేస్తున్నావా, ఊరు తిరుగుతున్నావా?" చీఫ్ అరిచాడు.

మధ్యాహ్నం తనుశ్రీ మళ్ళీ ఫోన్ చేసింది. "మా ట్యాంకర్ చెక్‌పోస్టు దగ్గరుంది. నీళ్ళలో కలిపారనుకుంటా. వడపోసి చూడండి, దొరుకుతుంది."

కారేసుకుని వెళ్ళాడు. ట్యాంకర్ కొళాయి తిప్పి బకెట్ల కొద్దీ నీళ్ళు ఫిల్టర్ కాగితంలో పోశాడు. కాగితం మీద నలుసైనా మిగల్లేదు.

"సాహెబ్, అబ్ జానే దీజియే," చెక్‌పోస్టు ఎస్సై విసుక్కున్నాడు. "ఇక పోనివ్వండి, వెనకాల లారీలు ఆగిపోయాయి."

ప్రభుకిరణ్ కోపం పట్టలేక ట్యాంకర్ మీద చరిచాడు. చెయ్యి చుర్రుమంది.

"జాగర్త బాబూ!" డ్రైవర్ తవిటయ్య కిటికీలోంచి తల బయటపెట్టాడు. "లోన హీటర్ నడుత్తంది. నీళ్ళు సల్లారితే నీ నౌకరీ ఖతమ్ అన్నారు మేడమ్."

"నీళ్ళు ఎండకు కాగాయనుకున్నా. బ్యాటరీ నీళ్ళకు వేడెందుకు?"

"నాకేటి తెలుసు బాబూ! బండి కదల్చమంటే కదుల్తాను."

అప్పుడు వెలిగింది ప్రభుకిరణ్‌కు. తొమ్మిదో తరగతి పాఠం! నీళ్ళలో కరిగిపోయినది ఆ నీళ్ళతోపాటే ఫిల్టర్ దాటిపోతుంది. కరగని మట్టీ ఇసుకా మాత్రమే కాగితం మీద ఆగుతాయి. వేడి నీళ్ళు ఎక్కువ పొడిని కరిగించుకుంటాయి, చల్లారితే మిగులును వదిలేస్తాయి. మరి వడపోయమన్నది ఎవరు? పొద్దుట్నుంచి ఒక ఆడది తనను బొంగరంలా తిప్పింది!

పళ్ళు నూరుతూ గ్లాసుడు నీళ్ళు పట్టి, కూల్‌డ్రింకుల బండివాడి ఐస్‌పెట్టెలో దించాడు.

ఇంతలో తనుశ్రీ కారు దిగింది. "తవిటయ్యా, గాడీ నికాలో!"

ఎస్సై గేటు ఎత్తించాడు. ఇంజన్ గర్జించింది. గ్లాసులో నీళ్ళు ఇంకా తేటగానే ఉన్నాయి. ట్యాంకర్ ముందుచక్రం గేటు దగ్గరికి దొర్లుతుండగా గ్లాసు అడుగున తెల్లటి సూది ఒకటి మెరిసింది. పక్కన మరొకటి. చూస్తుండగానే గ్లాసు నిండా స్ఫటికాలు!

"గేటు దించు! ఇదే దొంగసరుకు!" గ్లాసు పైకెత్తి అరిచాడు.

ఎస్సై కళ్ళప్పగించి చూసి, తనే తాడు వదిలేశాడు. గేటు ట్యాంకర్ బంపర్ ముందు ధన్‌మని పడింది. తనుశ్రీ చేతిలో లిప్‌స్టిక్ గొట్టం ప్రభుకిరణ్ వైపు తిరిగింది. మూత తీస్తే తూటా పేలే రకం. సరిగ్గా అప్పుడే ఏం గొడవో చూద్దామని తవిటయ్య తలుపు తెరిచాడు. అది ఆమె మోచేతికి తగిలింది. తూటా ఆకాశంలోకి పోయింది. ఎస్సై ఆమె చేతులకు బేడీలు వేశాడు.

"ఏటి మేడమ్, మీరూ తుపాకీ పేలుత్తారా?" తవిటయ్య నోరెళ్ళబెట్టాడు.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్. లాబ్‌వాళ్ళకు పొడిగానే కావాలట. నీళ్ళన్నీ ఎండబెట్టి, పొడి తీసుకునిరా. అంతదాకా నువ్వే కాపలా."

ప్రభుకిరణ్ తలెత్తి చూశాడు. దల్మా కొండ మీద నల్లమబ్బులు కమ్ముకుంటున్నాయి.