మధ్య సీటు

“ఈ పిల్ల సినిమా మధ్యలో లేచి వచ్చేస్తే నా గతేమి?”

మదనపల్లెలో థియేటర్ ముందు ఆటో దిగకముందే ఈ మాట పైకే అనేశాను. పక్కనే ఉన్న నా కూతురు జాస్మిన్ వినేసింది.

“లేచి యాడికి పోతాను మా? నువ్వు అడ్డం కూర్చుంటావు కదా.”

నా భయం నాది. పుంగనూరులో మా చర్చిలో పెళ్లికి ముందు వరుసగా మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ అందరి ముందూ చదువుతారు. మొదటి ఆదివారం రేపే. ఒకసారి చదివాక వద్దంటే ఎంత నగుబాటు. అందుకే ఈ సాయంత్రం ఆరింటిలోగా అమ్మాయి మాట చెప్పమన్నారు పాస్టరయ్యగారు. పెళ్లిచూపులైనప్పటి నుంచి పది రోజులుగా అడుగుతున్నాను. అది ఔననదు, కాదనదు.

పెళ్లికొడుకు జేసన్ టికెట్లతో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కుప్పంలో ఒక బడిలో హిందీ అయ్యవారు. హిందీ సినిమాలు చూసి, ఎట్లా ఉన్నాయో తెలుగులో చెప్పి యూట్యూబ్‌లో పెడతాడు. ఆ పని మీద వస్తూ మమ్మల్నీ పిలిచాడు.

“నీళ్లు తాగుతారేమో అడగండి ఆంటీ,” అన్నాడు నాతో.

“నీళ్లు తాగుతావా అంటాండాడమ్మా,” అన్నాను జాస్మిన్‌తో.

“వినపడింది మా. నాకు చెవులుండాయి.”

లోపల ఇద్దరి మధ్యా నేనే కూర్చున్నాను. సినిమా ఎంతకీ కదలదు. ఎదురింటి మేడ మీద ఆమె బట్టలు ఆరేస్తుంది, అతను చూస్తాడు. వాన వస్తుంది, మళ్లీ చూస్తాడు. టీ చల్లారిపోతుంది. ఇంటర్వెల్ దాకా వాళ్లు మాట్లాడుకోలేదు కాబట్టి నాకు హిందీ రాకపోయినా నష్టమేమీ లేకపోయింది. చివరికి ఆమె ఇల్లు ఖాళీ చేస్తుంటే బీరువా లారీ ఎక్కించి, చెయ్యి ఊపాడు. అంతే, అయిపోయింది.

బయటికి రాగానే జేసన్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు. “నిదానమైన సినిమా. కానీ ఆ మౌనంలోనే ప్రేమంతా ఉండాది. నాలుగు స్టార్లు.”

“ఒక స్టారే ఎక్కువ,” అంది జాస్మిన్, ఫోనుకు వినపడేట్టు.

“యాల? ఏం తక్కువైంది?” అన్నాడు జేసన్.

“అంతసేపు సూసినాడు, ఒక్క మాట అడిగినాడా? బీరువా మోసి పంపిచ్చినాడు. కూలికొచ్చినోడా?”

“ఆమె ఇబ్బంది పడతాదని ఊరుకున్నాడేమో.”

“ఇబ్బందో కాదో ఆమెను అడగాల. వాళ్లమ్మను అడిగితే ఎట్ల తెలుస్తాది?”

జేసన్ ఫోను దించి నా వైపు చూశాడు. చూపులకొచ్చిన రోజే అతనితో గుట్టుగా చెప్పింది నేనే: “మా పిల్లకు బిడియం నాయనా. ఏం కావాలన్నా నన్నే అడుగు.” దానికి బిడియమెక్కడిది? ఎదురుగా అడిగితే ఎదురుగానే వద్దనేస్తుందేమోనని బెదురంతా నాది.

కుప్పం బస్సు ఎక్కాం. పుంగనూరు మీదుగానే పోతుంది. ముగ్గురు పట్టే సీటు దొరికింది. అలవాటుగా నడుమ కూర్చోబోయి ఆగిపోయాను.

“నాకు కిటికీ గాలి కావాల. నువ్వు నడుమ కూర్చో.”

“నీకు గాలి పడదు కదా మా?”

“ఈరోజు పడతాది.”

కాసేపటికే వాన పట్టుకుంది. కిటికీ అద్దం సగమే మూసుకుంది. భుజం తడుస్తున్నా నేను కదల్లేదు.

పుంగనూరు దగ్గర పడుతుండగా జేసన్ గొంతు సవరించుకున్నాడు. “ఆంటీ,” అన్నాడు. నేను బయటికే చూస్తున్నాను.

“జాస్మిన్,” అన్నాడు ఈసారి. “బీరువా మోసే పని నాకు వద్దు. నేనంటే నీకు ఇష్టమేనా? కాదంటే అయ్యగారికి నేనే చెప్తాను. నీ మీదికి మాట రానీను.”

టమాటా లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. స్టాపులో ఒక ముసలాయన నిదానంగా దిగాడు. కండక్టర్ రైట్ అన్నాడు. అప్పటికే నా మనసులో కుప్పం వాళ్లు ఫోను పెట్టేశారు, చర్చిలో ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు, నాకు బీపీ పెరిగి ఆసుపత్రిలో సెలైన్ కూడా ఎక్కుతోంది.

జాస్మిన్ నా ఒళ్లోంచి ఫోను తీసుకుంది. అయ్యగారి నంబరు నొక్కి, తిరిగి నా చేతిలో పెట్టింది.

“అడిగేదానికి పది రోజులా?” అంది అతనితో. “నీకు రెండు స్టార్లే. మిగతావి పెళ్లైనాక సూస్తాం.”

తర్వాత నా తడిసిన భుజం మీద తన చున్నీ కప్పింది. “రేపు మా పేర్లు చదవమని చెప్పు మా.”