మూడు, ఆ తర్వాత ఒకటి

పొద్దున టీ కంటే ముందు బీపీ. ఆ ఇంట్లో అది రూలు. లిఫ్టు మెకానిక్ కుర్చీలో కూర్చుని కుడిచెయ్యి చాపాడు. కూతురు పట్టీ చుట్టి మీట నొక్కింది. మిషను బుస్సుమని ఊది, బిగించి, వదిలింది.

"నూట ఇరవై, ఎనభై. పెళ్లికొడుకులా ఉన్నావు నాన్నా!"

"మరేమనుకున్నావు? యాభై రెండేళ్ల బండి. ఒక్క బోల్టు ఊడలేదు."

లేచి ఆ అంకెని ఫ్రిజ్ మీద అతికించిన కార్డులో రాసుకున్నాడు. షుగరు, బరువు, నడిచిన అడుగులు, అన్నిటికీ గడులున్నాయి అందులో. లిఫ్టు దగ్గర నెలనెలా రాసే సర్వీసు కార్డు చూసి తనే గీతలు కొట్టుకున్నాడు. ఆ కార్డంటే అతనికి గర్వం. బడి మానేసినవాడికి గర్వపడే కాగితాలు ఎన్ని ఉంటాయి గనక.

అప్పుడే వినిపించింది.

టక్ టక్ టక్. కాస్త ఆగి, టక్.

"విన్నారా?" అన్నాడు.

"లేదండీ," అంది భార్య, పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరక్కుండానే.

ఆరు వారాలుగా ఇదే వరస. నీళ్ల పంపు విప్పాడు. ఫ్రిజ్ విప్పాడు. ఫ్యాన్లు దించాడు. విప్పినవన్నీ మళ్లీ బిగించాడు గానీ చప్పుడు పోలేదు. అది పోకపోగా అతని వెంటే తిరుగుతోంది. వంటింట్లో ఉంటే వంటింటి గోడలో, ముందుగదిలో ఉంటే ముందుగది గోడలో. గోడ అవతల ఎవరో తనతో పాటే అడుగులేస్తున్నట్టు. అవతల మనిషి నిలబడే చోటే లేదు. వాళ్లుండేది మూడో అంతస్తు.

మూల నుంచి సుత్తి తీశాడు. "ఇవాళ తేల్చేస్తా. అమ్మాయి గదిలోనే ఉంది అది. గోడ పగలగొడతా."

"నాన్నా, నా మంచం ఆ గోడకే ఉంది. నేనెక్కడ పడుకోవాలి?"

"హాస్టలుకి పో."

ఆ పిల్ల మొహం వాడిపోయింది. భార్య పొయ్యి ఆపేసింది.

"గోడ సంగతి తర్వాత. పదిన్నరకి మీ పేర టైము తీసుకున్నాను. నాతో రండి."

"ఎక్కడికి?"

"మనసు డాక్టరు దగ్గరికి."

"అంటే? నాకు పిచ్చంటావా?"

"నేను ఏడాదిగా వెళ్తున్నాను. మరి నాకూ పిచ్చేనా?"

"ఎప్పుడెళ్లావు నువ్వు?"

"నెలకో మంగళవారం. కళ్లజోడు కొట్టుకని చెప్పి."

"పన్నెండు సార్లు కళ్లజోడు బాగుచేయించావా! నేనూ నమ్మానే! అసలు నీకేం రోగం?"

"ఏ రోగమూ లేదు. మా అమ్మ ఆఖర్లో ఎలా అయిపోయిందో చూశాం కదండీ. అంతదాకా రాకముందే వెళ్తున్నా."

"ఏమీ లేకుండా డాక్టరెందుకే?"

"మీ లిఫ్టులు ఆగిపోయాకే వెళ్తారా మీరు? శుభ్రంగా నడుస్తున్నప్పుడే కదా నెలకోసారి మూత తీసి చూస్తారు?" ఫ్రిజ్ వైపు వేలు చూపించింది. "ఆ కార్డులో మెడ కిందంతా రాశారు. మెడకి పైన ఒక్క గడీ లేదు."

"బాగా నేర్పాడు నీ డాక్టరు," అని విసురుగా కూతురి గదిలోకి వెళ్లాడు.

సుత్తి మంచం మీద పడేసి, జేబులోంచి పొడవాటి స్క్రూడ్రైవరు తీశాడు. మోటారు లోపలి లోపం పట్టేది దాంతోనే. కొన మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపలి గరగర మొత్తం వినిపిస్తుంది. ఇప్పుడు కొన గోడకి ఆనించాడు. ఎడమచెయ్యి గోడకి ఊతం పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

టక్ టక్ టక్. టక్.

"ఇదిగో! ఇక్కడే! ఇంత గట్టిగా ఎప్పుడూ లేదు!"

గుమ్మంలో తల్లీకూతుళ్లు కదలకుండా నిలబడ్డారు. కూతురు వేలు పెట్టి చూపించింది.

"నాన్నా... ఎడమచెయ్యి చూసుకో."

చూశాడు. మధ్యవేలు మడిచి ఉంది. అతను చూస్తుండగానే అది లేచింది. గోడ మీద మూడుసార్లు కొట్టింది. ఆగింది. ఇంకోసారి కొట్టింది. ఎవరిదో చెయ్యి తన భుజానికి అతికించినట్టుంది. అతను ఆపమని చెప్పలేదు. చెప్పినా వినేలా లేదు.

భార్య వచ్చి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చప్పుడు ఆగింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెబితే అరిచారు. రెండుసార్లు. మీకు గుర్తు కూడా లేదు."

అతను అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"బక్కోడు," అన్నాడు.

అతనితో పదిహేడేళ్లు పనిచేసినవాడు. రెండేళ్ల కిందట లిఫ్టు గుంటలో గుండె ఆగి పోయాడు. ఆ మాటవరకే ఇంట్లో తెలుసు.

"గుంటలోంచి అరిస్తే మాట ముక్కలైపోతుంది. అందుకని ఇద్దరం ఇనప పట్టా మీద స్పానరుతో కొట్టుకునేవాళ్లం. మూడు, ఆ తర్వాత ఒకటి అంటే రా అని. రెండు అంటే విన్నా, వస్తున్నా అని. ఆ రోజు కొట్టాడు. నేను పైన టీ తాగుతున్నా. వెధవ, ఒక్కడూ ఉండలేడు, ఊరికే పిలుస్తాడులే అనుకున్నా. గ్లాసు ఖాళీ అయ్యాక వెళ్లా. తిరిగి రెండు కొట్టనైనా కొట్టలేదే..."

పెద్దగా ఏడ్చాడు. కూతురు పక్కన కూర్చుని అతని తల భుజానికి ఆనించుకుంది. బీపీ చూద్దామని ఎవరూ అనలేదు.

పదిన్నరకి ఆసుపత్రి లిఫ్టులో భార్యాభర్తలిద్దరే ఉన్నారు. అలవాటు కొద్దీ అతను మోటారు చప్పుడు విన్నాడు. ఏ లోపమూ లేదు. రెండో అంతస్తు దాటాక పక్కన పట్టుకునే కమ్మీ మీద మొదలైంది.

టక్ టక్ టక్. టక్.

ఈసారి అతను గోడ వంక చూడలేదు. తన వేలినే చూశాడు. కళ్లు నిండిపోయాయి.

పక్కనుంచి భార్య తన వేలు మడిచి, అదే కమ్మీ మీద నెమ్మదిగా కొట్టింది.

టక్. టక్.

అతని చెయ్యి వదులైంది. తలుపులు తెరుచుకున్నాయి, ఇద్దరూ దిగారు. ఖాళీ లిఫ్టు మూసుకుని కిందికి వెళ్తుంటే మెకానిక్ ఒక్క క్షణం ఆగి, తలుపుకి చెవి ఆనించి విన్నాడు.

అవతల నుంచి ఎవరూ పిలవడం లేదు.