పెద్దమ్మ చెప్పని సంగతులు

ఆ రోజు పొద్దున ఉదయలక్ష్మి ఎప్పటిలాగే ఐదున్నరకు లేచింది. వాకిలి ఊడ్చింది, చిన్న ముగ్గు వేసింది, పాలు పొయ్యి మీద పెట్టింది. చూసేవాళ్లకు ఏ మార్పూ కనిపించదు. లోపల మాత్రం నాలుగు రోజులుగా ఒకటే కోరిక తిరుగుతోంది. పిల్ల ఏడవాలి. ఎయిర్‌పోర్టులో, పదిమంది ముందు, గొంతు చించుకుని ఏడవాలి. తన కొంగు పట్టుకుని వదలనని మొండికేయాలి. కన్నతల్లి చెయ్యి చాస్తే ఆ చెయ్యి విసిరికొట్టాలి. అప్పుడు శ్రీకళ మొహం ఎలా ఉంటుందో తాను కళ్లారా చూడాలి.

పిల్ల పేరు జ్యోతిక. ఐదేళ్లది. ఉదయలక్ష్మి మరిది రంజిత్ కూతురు. రంజిత్ మస్కట్‌లో డ్రైవరు, అతని భార్య శ్రీకళ అక్కడే నర్సు. పిల్లకు పద్నాలుగు నెలలున్నప్పుడు శ్రీకళ కొత్తపేటలోని ఈ ఇంటికి తెచ్చి, "ఒక్క ఏడాది చూడక్కా. అన్నీ నైట్ డ్యూటీలే. పిల్లను ఏడ వెట్టుకోను?" అని తోడికోడలి ఒళ్లో వేసి వెళ్లింది. ఆ ఏడాది కాస్తా నాలుగేళ్లయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉదయలక్ష్మికి జాకెట్లు కుట్టే చిన్న షాపు ఉండేది. పెళ్లిళ్ల రోజుల్లో ఊపిరి సలపనంత పని. పిల్లకు జ్వరాలు, విరేచనాలు, పళ్లు రావడాలు మొదలయ్యేసరికి ముందు సగం రోజు మూసింది, తర్వాత పూర్తిగా మూసేసింది. దానికి ఆమె ఎవరినీ ఏమీ అనలేదు.

ఇప్పుడు మస్కట్‌లో వాళ్లకు రెండు గదుల ఇల్లు దొరికింది, పిల్లకు బడిలో సీటు దొరికింది. తీసుకుపోవడానికి శ్రీకళ పన్నెండు రోజుల సెలవు మీద వచ్చింది. తీసుకుపోతానంటే ఉదయలక్ష్మి కాదనలేదు. కన్న పిల్ల ఎప్పటికైనా కన్నవాళ్ల దగ్గరికే చేరుతుందని ఆమెకు తెలియనిదా? ఆమె కడుపు మండింది అందుకు కాదు.

నాలుగు రోజుల కింద హయత్‌నగర్‌లో శ్రీకళ పుట్టింటివాళ్లు భోజనాలు పెట్టారు. వచ్చినవాళ్లందరూ పిల్లను చూసి మురిసిపోయారు. "మీ తోడికోడలు మంచిగ సాదిందే పిల్లను" అంది శ్రీకళ మేనత్త. దానికి శ్రీకళ నవ్వుతూ, "అవునత్తమ్మా, ఎంత పెద్ద ఆయాను పెట్టుకున్నా గింత మంచిగ చూడది" అంది. పక్క బంతిలో పప్పు వడ్డిస్తున్న ఉదయలక్ష్మి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయా! సరిగ్గా అప్పుడే జ్యోతిక పరుగెత్తుకొచ్చి, "అమ్మా, మూతి తుడువు" అని ఉదయలక్ష్మి కొంగు అందుకుంది. "అమ్మ కాదు బుజ్జీ, పెద్దమ్మ అనాలె" అని శ్రీకళ అందరి ముందూ దిద్దింది. ఆ పూట ఉదయలక్ష్మి నోట్లో మెతుకు పెట్టలేదు. ఆకలిని పగ తినేసింది.

పగ అంటే ఆమె గిన్నెలు విసరలేదు, తిట్లు తిట్టలేదు. రెండు పనులు చేసింది, అంతే. పిల్ల గురించి శ్రీకళకు ఒక్క సంగతి కూడా చెప్పకూడదనుకుంది. తాను రావడం లేదని పిల్లకు అసలే చెప్పకూడదనుకుంది. పైగా, "మనం ముగ్గురం విమానమెక్కుతం" అని పిల్లను ఊరించింది.

ఉప్మా కలుపుతుంటే శ్రీకళ పుస్తకం, పెన్ను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, జర చెప్పు. బుజ్జి ఏం తింటది, ఎప్పుడు పండుకుంటది, ఏ మందు పడది? అన్నీ రాసుకుంట."

"రాసుకునేటందుకు ఏమున్నది? అందరు పిల్లలు తిన్నట్టే తింటది" అంది ఉదయలక్ష్మి, వెనక్కి తిరగకుండానే.

"గట్లంటే ఎట్లక్కా?"

"నువ్వు నర్సువి. దవాఖానల వార్డు మొత్తం చూస్తవ్. ఒక్క పిల్లను చూడలేవా? కన్నతల్లివాయె. చూడంగనే తెలుస్తది నీకు."

శ్రీకళ పెన్నుకు మూత పెట్టుకుని వెళ్లిపోయింది. హాల్లో కూర్చుని అంతా విన్న అత్తగారు లచ్చమ్మ ఊరుకోలేదు. "ఏందే ఉదయా, అడిగితే చెప్పరాదు? నీ సొమ్మేం పోతది?"

"నాకు పనున్నది అత్తమ్మా" అని ఉదయలక్ష్మి ఉప్మాలో ఇంకో గరిటె నెయ్యి పోసింది. ఉప్మా పిల్లకు. మాట మాత్రం పిల్ల తల్లికి లేదు.

తొమ్మిదిన్నరకు బయలుదేరారు. కారు నడిపేది ఉదయలక్ష్మి భర్త కనకరాజే. అతని బతుకుదెరువే అది. రోజూ ఎవరెవరినో ఎయిర్‌పోర్టులో దింపి, వాళ్ల ఏడుపులు అద్దంలో చూసి, ఎఫ్.ఎం. పెట్టుకుని తిరిగొచ్చే మనిషి, ఇవాళ రేడియో జోలికి పోలేదు. లచ్చమ్మ పిల్ల తలచుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది, "పైలం బిడ్డా" అని కళ్లొత్తుకుంది. పిల్ల మాత్రం హుషారుగా కారెక్కి ఇద్దరు ఆడవాళ్ల మధ్య కూర్చుంది.

ఎల్.బి.నగర్ దాటి సాగర్ రింగ్ రోడ్డు మీదికి వచ్చాక జ్యోతిక ముందు సీటు మీదికి వంగింది. "బాపూ, విమానంల కిటికీ పక్కన నేను. నా పక్కన అమ్మ. ఆ పక్కన మమ్మీ. సరేనా?"

బాపంటే కనకరాజు. అమ్మంటే ఉదయలక్ష్మి. మమ్మీ అంటే ఫోనులోంచి వచ్చిన శ్రీకళ. కనకరాజు అద్దంలోంచి భార్యను చూశాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది. శ్రీకళ మొహంలో రంగు మారింది. కారు కర్మన్‌ఘాట్ దాటింది, చాంద్రాయణగుట్ట దాటింది. ఒక పెట్రోల్ బంకు దగ్గర కనకరాజు బండి పక్కకు తీశాడు.

"రా బుజ్జీ, టైర్లకు గాలెట్ల కొడ్తరో చూద్దువు" అని పిల్లను దింపుకున్నాడు. తలుపు వేసే ముందు, "మీరిద్దరు ఏందో తేల్చుకోండ్రి" అన్నాడు.

"దానికి చెప్పలేదా అక్కా?" అంది శ్రీకళ.

"చెప్పలే."

"నువ్వు గూడ వస్తవని చెప్పినవా?"

"చెప్పిన."

"ఎందుకక్కా?"

"ఆయాలు గంతే కదా? అబద్ధాలు చెప్పి పిల్లల్ని ఊకుంచుతరు."

శ్రీకళకు విషయం అర్థమైంది. "గా మాట పట్టుకున్నవా? నోరు జారిన అక్కా. మెచ్చుకుందామనే అన్న."

"ఎవరికి చెప్తవ్? నా షాపు మూసుకొని నాలుగేండ్లు దాని మలమూత్రాలెత్తిన. నువ్వు పది మందిల ఆయా అని పేరు వెట్టి, మీదికెళ్లి కూలి ఇచ్చినట్టు పట్టుచీర పెట్టినవ్. ఇయ్యాల గేటుకాడ అది నన్ను వట్టుకొని ఏడుస్తది చూడు. అందరు చూడాలె. ఎవరు ఆయానో, ఎవరు అమ్మనో నీకు తెల్వాలె."

"పగ నా మీద తీర్చుకో. పిల్లనెందుకు ఏడిపిస్తవ్?"

"నిన్ను ఏడిపియ్యాలంటే నాకింకో తొవ్వ దొరకలే."

ఆ మాటకు శ్రీకళలో ఏదో తెగింది. "నేను ఏడ్వనిదెన్నడు? నాలుగేండ్లు ఫోన్ల దాని మొఖం చూస్కుంట అన్నం తిన్న. మమ్మీకి హాయ్ చెప్పమని నువ్వు చెప్తేనే చెప్పేది. కట్ చెయ్యమని నువ్వు చెప్పకముందే కట్ చేసేది. హయత్‌నగర్ల అందరు నిన్నే మెచ్చుకుంటుంటే నా కడుపు కాలింది. నోరు జారలే అక్కా. కావాల్ననే అన్న."

ఉదయలక్ష్మి మొదటిసారి ఆమె వైపు తిరిగింది. "ఇప్పుడు నిజం చెప్పినవ్."

"ఇగ నువ్వు గూడ చెప్పు దానికి."

"నువ్వే చెప్పుకో. కన్నతల్లివి నువ్వే కదా."

మిగిలిన దారిలో శ్రీకళ మూడుసార్లు "బుజ్జీ" అని పిలిచింది. పిల్ల మూడుసార్లూ "ఆఁ" అంది. ఆ తర్వాతి మాట శ్రీకళ నోటి నుంచి రాలేదు.

ఎయిర్‌పోర్టులో మామూలు సందడే. ఒక్క మనిషిని పంపడానికి రెండు బండ్ల జనం, బొట్టు పెట్టేవాళ్లు, ఫొటోలకు నిలబెట్టేవాళ్లు, ఆఖరి నిమిషంలో పచ్చడి సీసా బరువెక్కువైందని బ్యాగులు విప్పేవాళ్లు. కనకరాజు సామాను దించి, పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టుకుని, బండి ఎక్కువసేపు ఆపనివ్వరంటూ పార్కింగుకు తీసుకుపోయాడు. అతను ఎందుకంత తొందరపడ్డాడో వెనక నుంచి ఆ భుజాలు చూస్తేనే తెలుస్తుంది.

గేటు దగ్గర జవాను శ్రీకళ టికెట్టు, పాస్‌పోర్టులు చూసి లోపలికి వదిలాడు. జ్యోతిక గెంతుతూ లోపలికి పోయి వెనక్కి తిరిగింది. "అమ్మా, రా!"

జవాను ఉదయలక్ష్మికి చెయ్యి అడ్డం పెట్టాడు. "మేడమ్, టికెట్?"

ఉదయలక్ష్మి ఎదురుచూసిన ఘడియ ఇదే. పిల్లకు వినపడేలా గట్టిగా చెప్పింది. "నాకు టికెట్ లేదు. నేను వస్తలేను."

చెప్పి, ఏడుపు కోసం చూసింది.

ఏడుపు రాలేదు. జ్యోతిక జవాను చేతిని చూసింది, ఉదయలక్ష్మిని చూసింది. గెంతడం ఆపేసింది. తనంతట తానే వెళ్లి శ్రీకళ చెయ్యి పట్టుకుంది. వెనక వరసలో ఉన్న పెద్దాయన, "ఎంత బుద్ధిమంతురాలండీ మీ పాప, మారాం చెయ్యలేదు" అన్నాడు. శ్రీకళకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూసినవా అక్కా, ఎంత మంచిగ వస్తుందో" అంది. ఆ గొంతులో గెలుపు దాగలేదు. ట్రాలీ తోసుకుంటూ, పిల్లను నడిపించుకుంటూ ముందుకు సాగింది.

ఉదయలక్ష్మికి అప్పుడు గుర్తొచ్చింది. ఈ పిల్ల దోసె చిరిగితే ఏడుస్తుంది, బెలూన్ పగిలితే ఏడుస్తుంది. నిజంగా భయపడితే మాత్రం ఏడవదు. నోరు పడిపోతుంది. పోయినేడు సైదాబాద్‌లో ఒక పెళ్లి ఊరేగింపులో తప్పిపోయి, చెప్పుల కొట్టు ముందు అరగంట నిలబడింది. ఎవరేమడిగినా పలకలేదు. దొరికాక కూడా మూడు రోజులు మాట లేదు, ఒళ్లు కాలిపోయే జ్వరం. ఈ సంగతి లోకంలో ఉదయలక్ష్మికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అలాంటిది, పగలో పడి తానే మరిచిపోయింది. పిల్లను అమ్మలా ఎరిగిన మనిషి, పిల్ల ఏడుస్తుందని ఎలా లెక్కవేసుకుంది?

ఊరుకుంటే ఆ పిల్ల ఆ నోరులేని భయంతోనే సముద్రం దాటుతుంది. పక్కన కూర్చున్న తల్లి బుద్ధిగా ఉందనుకుని మురిసిపోతుంది.

"శ్రీకళా! ఆగు!" రెయిలింగ్ పట్టుకుని అరిచింది. జవాను పక్కకు జరగమన్నాడు. ఆమె జరగలేదు. "అది బుద్ధిగ లేదే! భయపడ్డది! భయపడితే మాట్లాడది అది! దాని చేతులు వట్టి చూడు, చల్లగయి ఉంటయి!"

శ్రీకళ మోకాళ్ల మీద కూర్చుని పిల్ల చేతులు పట్టుకుంది. ఆమె మొహంలో గెలుపు ఎగిరిపోయింది. పిల్లను ఎత్తుకుని పరుగున రెయిలింగ్ దగ్గరికి వచ్చింది. జవాను ఇద్దరినీ చూసి, ఏమనుకున్నాడో ఏమో, "దో మినిట్" అని మొహం తిప్పుకున్నాడు.

"బుజ్జీ, నా దిక్కు చూడు" అంది ఉదయలక్ష్మి. "నేను వస్తలేను. వస్తనని నీకు అబద్ధం చెప్పిన. మమ్మీ మీద కోపంతోని నీకు అబద్ధం చెప్పిన. తప్పు నాది. మమ్మీది కాదు, నీది గూడ కాదు. ఏడ్వు నాన్నా. ఏడ్వు."

పిల్ల రెప్ప వేయకుండా చూసింది. చిన్న పిడికిలి లేచి ఉదయలక్ష్మి చెంప మీద పడింది. ఆ తర్వాత గేటంతా దద్దరిల్లేలా ఏడుపు. కొంగు పట్టుకుంది, శ్రీకళ చెయ్యి విసిరికొట్టింది, జనం తిరిగి చూశారు. నాలుగు రోజులు ఉదయలక్ష్మి ఏది కోరుకుందో అంతా అచ్చం అలాగే జరిగింది. ఒక్క చుక్క సంతోషం కూడా కలగలేదు.

"చెప్పక్కా" అంది శ్రీకళ ఏడుస్తూ, ఫోను తీసి రికార్డింగ్ నొక్కి. "ఇంకేమున్నయో అన్నీ చెప్పు."

ఉదయలక్ష్మి ఆ ఏడుపు మీదుగా, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. "పెరుగన్నంల పోపు గింజొస్తే ఊసేస్తది. కుక్కర్ విజిలంటే భయం, వచ్చేముందే చెప్పాలె. కడుపునొస్తుందంటే నొప్పి కాదు, బడి అంటే గుబులు, మందెయ్యకు. తల దువ్వుతుంటే నలభై దాకా లెక్కవెట్టు, నలభై దాటితే లేచిపోతది. పండుకునేటప్పుడు పక్కనున్నోళ్ల చెవి వట్టుకుంటది. చెవి దొరకకపోతే నిద్రపోదు. నీ కమ్మలు గుచ్చుకుంటయి, తీసెయ్యి ముందు."

శ్రీకళ అక్కడే నిలబడి రెండు కమ్మలూ తీసి బ్యాగులో పడేసింది. "అక్కా, ఇంక దానితోని పెద్దమ్మ అనిపియ్య. ఎట్ల పిలుస్తదో గట్లనే పిలవనీ."

"పిలిస్తే నాకు ఫోన్ చెయ్యి. కట్ చెయ్యకు" అంది ఉదయలక్ష్మి. తర్వాత కొంగు పట్టిన ఆ వేళ్లను తానే ఒక్కొక్కటిగా విడిపించింది. అంత కష్టమైన పని ఆమె జన్మలో చెయ్యలేదు.

శ్రీకళ పిల్లను భుజాన వేసుకుని అద్దాల తలుపు దాటింది. లోపల పొడుగాటి వరస. ఉదయలక్ష్మి అద్దంలోంచి చూస్తూనే ఉంది. పిల్ల వీపు ఇంకా ఎగిరెగిరి పడుతోంది. కాసేపటికి ఆ ఎగరడం తగ్గింది. ఒక చిన్న చెయ్యి శ్రీకళ మెడ మీద తడుముకుంటూ పైకి పోయింది, జుట్టులో ఇరుక్కుంది, మళ్లీ బయటికి వచ్చింది. చివరికి చెవి దొరికింది.

"వట్టుకున్నది" అంది ఉదయలక్ష్మి, తెలుగు రాని ఆ జవానుతో.

అని, ఆ రెయిలింగ్‌కే తల ఆనించి బోరున ఏడ్చింది.