గూడబాతు కప్తాను నవ్వు

చక్కెర మిల్లు దాటాక ఎడమచేతివైపు వచ్చే చీనావాళ్ళ శ్మశానానికి మంచి పేరు లేదు. పగలు అక్కడ ఆవులు మేస్తాయి. పొద్దుగుంకే వేళకి ఆవులే ముందు ఇంటిదారి పడతాయి.

ఓసారి మిల్లులో ఫిట్టరు ఒకడి మోటార్‌సైకిలు సరిగ్గా ఆ గేటు ముందే పంక్చరైందట. చీకట్లో తడుముకుంటుంటే ఎవరో వెనకాల నిలబడి టార్చి పట్టారు. పని పూర్తయ్యేదాకా ఓపిగ్గా పట్టారు. "పుణ్యం ఉంటుందన్నా" అంటూ ఫిట్టరు వెనక్కి తిరిగాడు... టార్చి ఉంది. పట్టుకున్న చెయ్యి లేదు!

బండి అక్కడే పడేసి పరుగు లంకించుకున్నాడు. మర్నాడు నలుగురితో కలిసి వెళ్ళి చూస్తే చక్రంలో గాలి కూడా నింపి ఉందట.

అలాంటి చోట ఏటా మూడు రాత్రులు సినిమా వేస్తారు. చూసేది చచ్చిపోయినవాళ్ళు.

ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు బారుగా వేసి, కుర్చీకో అగరొత్తి వెలిగిస్తారు. బతికున్నవాళ్ళు ఆ ఆట చూడకూడదు. మొదలుపెట్టిన ఆట మధ్యలో ఆపకూడదు. ఈ రెండు కట్టుబాట్లూ ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

ముప్పై ఏళ్ళు ఆ ఆటకి గొంతు చమ్రాస్‌ది. అప్పట్లో పరదేశపు సినిమాలకి బొమ్మ వచ్చేది, మాట వచ్చేది కాదు. సినిమా వ్యాను వెనకభాగంలో మైకు ముందు కూర్చుని హీరో, హీరోయిన్, గుర్రం, వాన... అన్నీ ఆయనే చెప్పేవాడు. కానీ జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది పాత కార్టూన్లలోని గూడబాతు కప్తాను వల్ల. ఒక పీతపిల్ల చేతిలో రోజూ మోసపోయే కోపిష్టి పక్షి అది. మోసపోయినప్పుడల్లా ముందు ఎక్కిళ్ళు, తర్వాత పిల్లికూత, చివర తుమ్ము... మూడూ కలిసిన ఒక నవ్వు నవ్వేది. ఆ నవ్వు వినడానికి తిరనాళ్ళ ఆటలకి చంటిపిల్లల్ని చంకనేసుకుని నాలుగు మైళ్ళు నడిచి వచ్చేవాళ్ళు.

ఆయన పోయి ఏడాదైంది.

ఆయన శిష్యుడు థవిల్ పదిహేనేళ్ళుగా పీతపిల్లకి గొంతు. తలుపు కిర్రుమనడానికి గొంతు. నీళ్ళలో పడే ఇనపపెట్టెకి గొంతు. గూడబాతు మాత్రం ఎప్పుడూ చేతికి రాలేదు. గురువు పోయాక తిరనాళ్ళలో ఓసారి ధైర్యం చేసి నవ్వాడు. ముందు వరసలోంచి ఆరేళ్ళ పిల్ల ఒకతి లేచి, "ఇది దొంగ గూడబాతు!" అని అరిచింది. దాంతో మైదానమంతా నవ్వింది. బాతుని చూసి కాదు, థవిల్‌ని చూసి. ఆ మాట అతని గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు బాంకాక్‌లో ఒక టీవీవాళ్ళు ఆ పాత కార్టూన్లు మళ్ళీ వేస్తామన్నారు. గొంతు ఎవరిదో చమ్రాస్ భార్య మాలై చెప్పాలన్నారు. ఆవిడ ఎవరి పేరు చెబితే వాళ్ళదే ఆ పాత్ర.

థవిల్ వెళ్ళి ఆవిడ ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"నవ్వు చూద్దాం" అంది మాలై, కత్తిపీట మీద పచ్చి బొప్పాయి తరుగుతూ.

నవ్వాడు.

"బాగుందిరా. ఎవరైనా బాగుందనే అంటారు. ఆయనలా లేదు."

"ఎక్కడ తేడా ఉందో చెప్పు పెద్దమ్మా, దిద్దుకుంటాను."

"నాకేం తెలుసు? నేను విన్నదాన్నేగానీ నవ్వినదాన్ని కాదుగా!" బొప్పాయి పక్కన పెట్టింది. "శ్మశానం ఆట ఈసారి నువ్వు చెప్పు. ముప్పై ఏళ్ళు ఆయన్ని విన్నవాళ్ళు అక్కడున్నారు. మొహమాటానికి మెచ్చుకునే రకాలు కాదు."

"వాళ్ళు మెచ్చారో లేదో నీకెలా తెలుస్తుంది?"

"అది నా తంటా. నువ్వెళ్ళు."

మొదటి రెండు రాత్రులూ కత్తియుద్ధాల సినిమాలు. థవిల్ గొంతు చించుకున్నాడు. ఎదురుగా ఎర్ర కుర్చీలు, అగరొత్తుల నిప్పుచుక్కలు, అంతే. ఎవరూ దగ్గరు, ఎవరూ కదలరు. మాటలు చెప్పి బతికేవాడికి దెయ్యంకన్నా ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయం.

మూడో రాత్రి గూడబాతు రీలు.

ప్రొజెక్టరు తిప్పే కియత్ మెడలో మూడు తాయెత్తులు. చాలవన్నట్టు నాలుగోది నోట్లో పెట్టుకున్నాడు. ప్రొజెక్టరు మీంచి కన్ను తీయడు.

తెరమీద కప్తాను ఓడ దిగాడు. పీతపిల్ల అతని టోపీ దాచేసింది. థవిల్ మైకు దగ్గరికి వంగి మొదలుపెట్టాడు... అంతలో—

కిసుక్కుమని ఎవరో నవ్వారు.

"అన్నా..." కియత్ గొంతు పీలగా వచ్చింది. "నవ్వారు."

"నువ్వేగా?"

"నా నోట్లో తాయెత్తుంది. ఎలా నవ్వుతాను?"

ఇద్దరూ చీకట్లోకి చూశారు. కుర్చీలు ఖాళీ. సమాధుల దిబ్బలవైపునుంచి మళ్ళీ వచ్చింది. ఈసారి ఇద్దరు ముగ్గురు... నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వినట్టు.

 థవిల్ కాళ్ళు లేవమంటున్నాయి. కానీ చెవులు? అవి మాత్రం ఆ నవ్వు దగ్గరే ఆగిపోయాయి. ఏడాదిగా ఎవరూ అతని మాటకి నవ్వింది లేదు మరి! భయపడుతూనే పీతపిల్లకి ఇంకో మాట కలిపాడు. నవ్వు పెద్దదైంది. ఇంకోటి కలిపాడు. దిబ్బల వెనక ఎవరో ఉక్కిరిబిక్కిరవుతున్నారు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో అతనికి గురువు గుర్తులేడు. బాంకాక్ గుర్తులేదు. ఆరేళ్ళ పిల్ల కూడా గుర్తులేదు.

కప్తాను టోపీ అనుకుని తేనెపట్టు నెత్తిన పెట్టుకున్నాడు. థవిల్ నోరు తెరిచాడు.

ఎక్కిళ్ళు... పిల్లికూత... తుమ్ము!

ఒక్క క్షణం కీచురాళ్ళు కూడా ఆగిపోయాయి.

ఆ వెంటనే శ్మశానం అంతా ఒక్క కేక!

దిబ్బల వెనకనుంచి తెల్లటి ఆకారాలు లేచాయి. ఒకటి కాదు, రెండు కాదు, పాతిక ముప్పై. గాల్లో తెల్లగా ఎగురుతూ, ఒకదానిమీద ఒకటి పడుతూ, కుర్చీలు తన్నుకుంటూ గేటువైపు దూసుకుపోయాయి. కియత్ "బాబోయ్, ఆయనే!" అంటూ తాయెత్తు ఉమ్మేసి వాటితోపాటే పరుగెత్తాడు.

థవిల్ పరుగెత్తలేదు. ఆట ఆపకూడదు కదా. మిగిలిన రీలంతా చెప్పాడు. మనసు మాత్రం నేలలోకి కుంగిపోయింది. చచ్చినవాళ్ళు కూడా మధ్యలో లేచిపోయారు! ఇంక పెద్దమ్మకి ఏ మొహం పెట్టుకుని కనపడాలి?

రీలు అయిపోయింది. తెర తెల్లగా మిగిలింది. టార్చి తీసుకుని వ్యాను దిగాడు.

మొదటి దిబ్బ వెనక ఏదో కాలికి తగిలింది. హవాయి చెప్పు! పక్కన ఇంకోటి. ఓ వెదురు బుట్టలో సగం తిన్న జిగురన్నం, పుల్లకి గుచ్చి కాల్చిన కోడిమాంసం. ఒక తెల్ల దుప్పటి. దెయ్యాలకి దోమలు కుడతాయా?

"దగ్గరికి రాకు!" కాలవలోంచి ఒక గొంతు. టార్చి వేస్తే మొలలోతు బురదలో మిల్లు కాపలావాడు, తలమీద దుప్పటితో.

"నేను మామా, థవిల్‌ని."

"నువ్వా! అరే, పారిపో! చమ్రాస్ వచ్చేశాడు! చెవులారా విన్నాం. నీ గొంతు నాకు తెలీదా? అది నీది కాదు. ఆయనదే!"

"మీరంతా ఇక్కడేం చేస్తున్నారు?"

"గూడబాతు రీలు కదరా... పిల్లలు మారాం చేశారు..." అని నసిగి, అతను బురదలోంచి లేచి ఒంటి చెప్పుతో చీకట్లో కలిసిపోయాడు.

థవిల్ అక్కడే నిలబడిపోయాడు. నెమ్మదిగా ముఖం వికసించింది. పదిహేనేళ్ళలో ఎవరూ ఇవ్వని మెచ్చుకోలు అది. ఊరు ఊరంతా చెప్పులు వదిలేసి మరీ మెచ్చుకుంది! ఎగిరి గంతేయబోయాడు.

అప్పుడు చూశాడు. ముందు వరసలో, నడిమధ్య కుర్చీలో... ఒక ఆకారం కూర్చుని ఉంది.

నెరిసిన ముడి. మాలై!

అందరూ పారిపోయారు, ఆవిడ మాత్రం దిబ్బచాటునుంచి లేచొచ్చి కుర్చీలో కూర్చుంది. వెనక పది అడుగుల్లో నిలబడ్డ థవిల్‌ని చూడలేదు. ఖాళీ తెరకేసి చూస్తూ, ఇంటి అరుగుమీద కూర్చుని మొగుణ్ణి దులిపేసినట్టు మొదలుపెట్టింది.

"వచ్చావా? ఏడాది పట్టిందా రావడానికి? పోతూ పోతూ బీరువా తాళంచెవి ఎక్కడ తగలేశావు? ఇల్లంతా వెతికి చచ్చాను!"

థవిల్‌కి నవ్వొచ్చింది. జాలి కూడా వేసింది. 'పెద్దమ్మా, నేనే' అందామని నోరు తెరిచాడు. మాట ఇంకా పెదవి దాటలేదు—

తెర పక్కన లౌడ్‌స్పీకరు గరగరమంది.

"పులిసిన చేపల జాడీ కింద" అంది గూడబాతు కప్తాను గొంతు. ఒక ఎక్కిలి, ఒక పిల్లికూత, ఒక తుమ్ము.

థవిల్ మెడ మెల్లగా వెనక్కి తిరిగింది. వ్యాను తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల దీపం వెలుగుతోంది. మైకు ముందు స్టూలు ఖాళీ. కియత్ కేకలు దూరంగా మిల్లు గేటు దగ్గర వినిపిస్తున్నాయి.

చేతిలో టార్చి కింద పడింది.

ఆ చప్పుడికి మాలై తిరిగింది. అతన్ని చూసింది. అతని వెనక ఖాళీ వ్యానుని చూసింది. మళ్ళీ అతన్ని చూసింది. 

"పెద్దమ్మా..." థవిల్ గొంతు పీతపిల్ల గొంతులా వచ్చింది. "ఇందాక... వాళ్ళందర్నీ తరిమింది... నేనేనా?"

"నువ్వే అనుకో. నష్టమేముంది?" మాలై మోకాళ్ళు పట్టుకుని లేచింది. "రేపు టీవీవాళ్ళకి నీ పేరు చెబుతాను. బాంకాక్‌లో నువ్వు చెప్పు."

"మరి ఇక్కడ?"

"ఇక్కడివాళ్ళకి ఆయన చెప్పుకుంటాడులే" అంది.

థవిల్ జనరేటరు ఆపడానికి ఓ అడుగు వేశాడు. మాలై అతని చొక్కా పట్టుకుని గేటువైపు లాగింది.

"ఉండనీరా. ఇంకో రీలు ఉందేమో."