కీలులో ఎరుపు

"నన్నెవరో కొద్దికొద్దిగా చంపుతున్నారండీ!"

తలుపును భుజంతో తోసుకుని వచ్చిన ఆవిడ నాటకాలవాళ్లకు దుస్తులు కుట్టే దర్జీ. ఆమె మొర వింటున్నది ఒకప్పుడు కోర్టులో వాదించి, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌గా పనిచేస్తున్న లాయరమ్మ. పక్కనే ఆమె సహాయకుడు, రిటైరైన హెడ్ కానిస్టేబులు. లాయరమ్మ చూస్తే చాలు, తాళాలు వాటంతటవే ఊడతాయని ఆయన నమ్మకం.

"నాకు కీళ్లవాతం. మందు బాగానే పనిచేసిందండీ. స్కానింగులో కీళ్లలో వాపు చల్లబడిందన్నారు. ఇప్పుడేమో ఎముకకి గుంటలు పడ్డాయి, మందు మానేశావా అని డాక్టరమ్మ కోప్పడింది. ఒక్కసారి కూడా మానలేదు!"

"మందు తెచ్చేదెవరు?"

"తమ్ముడు. వాడిదే మందుల షాపు. ఇంట్లో ఉండేది వాడూ, నేనూ, మా అమ్మాయీ." ఆవిడ సంచీలోంచి మందు సీసా తీసింది. "వాణ్ణి అనుమానించడానికి నోరు రావట్లేదు."

లాయరమ్మ ఆవిడ తెచ్చిన సీసాను కాగితం మీద వంచింది. అన్నీ పసుపు మాత్రలే. సగానికి నడుమ గీత ఉంది, సగానికి లేదు.

"గీత ఉన్నవే మీ మందు. లేనివి దాంతో పాటు వేరే సీసాలో ఇచ్చే విటమిన్ మాత్రలు. ఎవరో సగం మందు తీసి వీటిని కలిపారు," అంది.

ఆ మధ్యాహ్నమే వాళ్లింటికి వెళ్లారు. తమ్ముడు మండిపడ్డాడు. "అక్క చేతుల్లో పెరిగినవాణ్ణి. నేను అక్కకి విషం పెడతానా?"

కూతురు ట్రేని ముంజేతుల మీద ఆనించుకుని టీ తెచ్చింది. తన కప్పును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగింది. ఒంటి మీద గుండీలు లేని చొక్కా.

"కత్తిరింపు పని ఇప్పుడు నీదేనా అమ్మా?" అని లాయరమ్మ అడిగింది.

"అవునండీ. పొద్దున కాదు, మధ్యాహ్నం మొదలెడతాను."

వీధిలోకి రాగానే హెడ్డుగారు ఉండబట్టలేకపోయాడు. "తమ్ముడేనండీ! సీసా నింపేది వాడేగా." లాయరమ్మ ముఖం వాడిపోయి ఉంది.

మర్నాడు అందర్నీ స్కానింగు గదికి రప్పించింది.

డాక్టరమ్మ ముందు తల్లి చేతికి జిగురు రాసి పరికరం ఆనించింది. తెర మీద వేలి కణుపు చుట్టూ ఎర్రటి మెరుపులు. "ఈ ఎరుపు వాపు రగులుతున్న చోటు. ఈ తెల్ల గీత ఎముక అంచు. గీత తెగిన చోట ఎముకను వాపు తినేసింది. అదింక పూడదు."

తర్వాత తమ్ముడి చేతికీ ఆనించింది, అందులో ఎరుపు లేదు. కూతురు తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"నాకెందుకండీ?"

"పెట్టవే, ఏం పోయింది?" అంది తల్లి.

కూతురి చేతికి పరికరం ఆనించగానే తెర మీద ఎర్రటి రవ్వలు మిణుకుమన్నాయి.

లాయరమ్మ మెల్లగా చెప్పింది. "హాని చెయ్యాలనుకునేవాళ్లు సీసా మొత్తం మార్చేస్తారు. ఇక్కడ సగమే మార్చారు. అంటే మందు ఎవరికో కావాలి. ట్రేని వేళ్లతో పట్టుకోలేని, గుండీలు పెట్టుకోలేని, పొద్దున్నే చేతులు బిగుసుకుపోయే మనిషికి కావాలి. అవునా తల్లీ?"

కూతురు గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. "నాకూ వచ్చిందని తెలిస్తే, తన నుంచే పాకిందని అమ్మ కుమిలిపోతుందండీ. డాక్టరమ్మకి చెబితే అమ్మకి తెలిసిపోతుంది. సగం సగం ఇద్దరికీ సరిపోతుందనుకున్నా. అమ్మ వేళ్లు చూశాక ఆపేద్దామనుకున్నా... ఆపితే నా వేళ్లు కదల్లేదు. భయమేసింది."

"ఒసే పిచ్చిదానా!" అని మేనమామ బావురుమన్నాడు.

తల్లి డాక్టరమ్మ వైపు తిరిగింది. "దాని ఎముకకి గుంటలు పడ్డాయా?"

"లేదమ్మా, గీత ఎక్కడా తెగలేదు. ఆ సగం మందే కాపాడినట్టుంది."

తల్లి తెర మీది తెల్ల గీతను చూసింది. తర్వాత కూతురి పక్కన నేల మీద చతికిలబడింది.

"అడిగితే మొత్తం ఇచ్చేదాన్ని కదే!"

హెడ్డుగారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తల్లి కూతురి చెయ్యి పట్టుకోబోయింది. వేళ్లు ఒంగలేదు. తన చేతిని ఆ చేతి మీద ఊరికే ఆనించి ఉంచింది.