ఎండపందిరి

"అందరూ కళ్ళు మూసుకోండి!" అని అరిచి శాస్త్రవేత్త డాక్టర్ మందాకిని స్విచ్ నొక్కింది.

గుమ్మలబంద ఫుట్‌బాల్ గ్రౌండ్ మీద కట్టిన పందిరిలోంచి ఎండ కాసింది. చుట్టూ కొండలన్నీ పొగమంచులో మునిగి ఉంటే, ఆ ఒక్క గ్రౌండ్ మీద మాత్రం నిండు వేసవి. కోచ్ కిల్లో భీమన్న స్వెటర్ విప్పేసి గడ్డి మీద వెల్లకిలా పడుకున్నాడు. ఆయనకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

రావా మరి! వాతావరణం తల్లకిందులయ్యాక ఆ కొండల మీద చలికాలమంతా సూర్యుడి మొహమే కనిపించడం లేదు. రాత్రి కురిసిన మంచు గడ్డకట్టి, గడ్డిని వేళ్ళతో సహా కుళ్ళబెడుతోంది. కింద మైదాన ప్రాంతం జట్లు హాయిగా ప్రాక్టీస్ చేసుకునే రోజుల్లో భీమన్న స్పోర్ట్స్ హాస్టల్ అమ్మాయిలు వరండాలో గుంజీలు తీస్తుంటారు. చలి పోకముందే జిల్లా పోటీలు వచ్చిపడతాయి. ఏటా మొదటి మ్యాచ్‌తోనే ఇంటిదారి. ఈసారి కూడా అంతే అయితే జట్టు రద్దని పైవాళ్ళు తేల్చి చెప్పేశారు. జట్టు పోతే అమ్మాయిలకు ఆ హాస్టల్లో చోటుండదు, చదువు మానేసి ఇళ్ళకు పోవలసిందే.

"ఎండ ఎక్కణ్ణుంచి వచ్చింది మేడమ్?" అని అడిగింది కెప్టెన్ చిలకమ్మ.

"మీరు ఆవకాయ పెట్టుకోరూ, అలాగే," అంది మందాకిని. "ఈ పందిరికి పరిచిన ఫిల్మ్ వేసవంతా ఎండను తాగుతుంది. ఆ వేడిని నేల కింద ఉప్పు ట్యాంకుల్లో దాస్తాం. చలికాలంలో మళ్ళీ వెలుగుగా మార్చి వదులుతాం. గడ్డికి ఇది అసలు ఎండే."

గడ్డి సంగతేమో గానీ, ఇక్కడ ఎండ కాస్తోందని ఊరికి తెలిసిపోయింది. మర్నాడు పొద్దున్నే భీమన్న అత్తగారు గంగులమ్మ, నెత్తిన బస్తాతో గ్రౌండ్‌లోకి వచ్చింది.

"అల్లుడా, కాపీ గింజలు బూజట్టేత్తన్నాయి. కళ్ళంలో ఎండేదీ? ఈ మూలన ఒక్క పట్టా పరుసుకుంతాను."

"అత్తా, ఇది ఆటస్థలం."

"ఆడుకోండి, వద్దన్నానేటి? మూలకి మీ బంతి రాదు కదా!"

కార్నర్ కిక్ అంటే ఏమిటో అత్తగారికి వివరించే ధైర్యం భీమన్నకు లేదు. పిల్లనిచ్చిన మనిషికి జానెడు ఎండ ఇవ్వలేనని ఎలా అంటాడు? సరేనన్నాడు. ఆయన చేసిన తప్పల్లా అదే.

అల్లుడి గ్రౌండ్‌లో అత్తకు చోటుంటే మిగతావాళ్ళకు ఎందుకుండదు? నాలుగు మూలలా పట్టాలు పడ్డాయి. ఆ తర్వాత గోల్ ముందు పడ్డాయి. వడియాలు వచ్చాయి, తడిసిన దుప్పట్లు వచ్చాయి, నూనె రాసిన పసిపిల్లలు వచ్చారు. సెంటర్ సర్కిల్లో బాలింతలు కూర్చున్నారు. భీమన్న ఊదిన విజిల్‌కు ఒక పసివాడు ఉలిక్కిపడి ఏడిస్తే, ఊరంతా కలిసి కోచ్‌నే తిట్టింది.

ఆయన మండిపడుతూ మందాకిని దగ్గరికి వెళ్ళాడు.

"ఇది ఫుట్‌బాల్ కోసం కట్టారా, కాఫీ కోసమా?"

"కోప్పడకండి భీమన్నగారూ. నా యంత్రం ఇంతమందికి పనికొస్తుందని నేనే అనుకోలేదు. నాకైతే సంతోషంగా ఉంది."

"మీకుంటుంది మేడమ్. రద్దయ్యేది మీ జట్టు కాదుగా!"

ఆమె తలదించుకుంది కానీ పట్టాలు తీయించలేకపోయింది. తీయించడం భీమన్న వల్లా కాలేదు. ఆ గింజలన్నీ తన ఆటగత్తెల ఇళ్ళవే. ఏడాదంతా కష్టపడ్డ పంటను కుళ్ళనివ్వండి, మేం బంతాట ఆడుకోవాలి అని ఏ నోటితో అంటాడు? అనలేక పళ్ళు నూరుకున్నాడు. ఇంట్లో కాఫీ తాగడం మానేశాడు.

"సార్, మన గ్రౌండ్‌లోకి కాపీ వచ్చింది కదా, కాపీ కళ్ళం కాళీయే కదేటి?" అంది చిలకమ్మ.

అవును, గింజలు ఆరబెట్టే సిమెంటు కళ్ళం బోసిగా పడి ఉంది. ఇరుకు, పైగా మంచుకు తడిసి జారుడు. పడితే మోకాలు చెక్కుకుపోతుంది. అమ్మాయిలు పడ్డారు, లేచారు, మళ్ళీ పడ్డారు. కొండవాలుకు బంతి దొర్లిపోతే తెచ్చుకోవడానికి పూట పడుతుంది గనక దాన్ని కాలికి అంటించుకుని, పొట్టి పాసులతో ఆడడం నేర్చుకున్నారు. భీమన్న రోజూ అరిచాడు, రోజూ దూది పెట్టి కట్లు కట్టాడు, రోజూ ఎండపందిరిని తిట్టాడు.

జిల్లా పోటీల్లో నేల గట్టిది, బంతి జర్రున జారిపోతోంది. మైదానం జట్లు దాని వెనక పరుగెత్తాయి. గుమ్మలబంద అమ్మాయిల కాలు మాత్రం బంతి వదల్లేదు. గెలిచిన కప్పు కొండెక్కింది. జట్టు నిలబడింది.

సన్మానం ఎండపందిరి కిందే జరిగింది, గింజలు కాస్త పక్కకు జరిపి. వచ్చిన పెద్ద ఆఫీసరు ఈ విజయం విజ్ఞానానిదే అన్నాడు. భీమన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. మైకు లాక్కున్నాడు.

"ఈ పందిరి కింద మేం ఒక్కరోజు కూడా ఆడలేదు సార్! మా పిల్లలు కాఫీ కళ్ళంలో, మంచులో, మోకాళ్ళు పగలగొట్టుకుని ఆడారు!"

ఆఫీసరు నిజంగానే చలించిపోయాడు. "ఎంత అన్యాయం! ఆ కళ్ళానికీ ఇలాంటి పందిరే వేయిస్తాను!" అన్నాడు. చప్పట్లు మారుమోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టింది గంగులమ్మ.

మరుసటి చలికాలం కళ్ళం మీద రెండో ఎండపందిరి వెలిగింది. భీమన్న అమ్మాయిలతో, బంతితో వెళ్ళేసరికి అత్తగారు అప్పటికే పట్టా పరిచేసింది.

"ఇది మా కళ్ళమే కదేటి అల్లుడా," అంది.

"మరి గ్రౌండ్?"

"అక్కడ పిప్పళ్ళు ఆరతన్నాయి. ఈ యేడు పంట బాగా కాసింది."

భీమన్న బంతి చంకన పెట్టుకుని అమ్మాయిలను వెంటబెట్టుకుని పొగమంచులోకి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు మందాకిని ఆయన్ను వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. అమ్మాయిల మోకాళ్ళకు మళ్ళీ కట్లు చూసిందట, మనసు ఊరుకోలేదట. మూడో పందిరికి అనుమతి కూడా తెచ్చేసింది.

"ఈసారి అచ్చంగా మీ కోసమే భీమన్నగారూ. చెప్పండి, మీ పిల్లలు ఇప్పుడు ఎక్కడ ప్రాక్టీస్ చేస్తున్నారు?"

భీమన్న లేచి వెళ్ళి వీధి తలుపు మూసి వచ్చాడు. వంటింట్లోంచి గంగులమ్మ తల బయటపెట్టి చూస్తోంది.

"చంపినా చెప్పను మేడమ్," అన్నాడు.